కచేరీ వీడియోలో పాట శుభ్రంగా వినపడేదెట్లా?

దేవునికడప:
అందరికీ నమస్కారం. పోయిన నెల మా పాప మొదటిసారి స్టేజీ ఎక్కి గంటన్నర పాడింది. మూడేళ్లుగా పొద్దున ఐదింటికే లేచి సాధన చేస్తున్న పిల్ల. కడపలోనే చిన్న హాలు, నూటయాభై మంది జనం. ఐదో వరుసలో స్టాండు పెట్టి ఫోన్‌లో మొత్తం తీశాను. బొమ్మ బాగానే వచ్చింది, పాటే పోయింది. మృదంగం గట్టిగా మోగినప్పుడల్లా పాప గొంతు కుంగిపోతోంది, అది ఆగగానే మళ్లీ పైకి లేస్తోంది. ఆలాపనలో సన్నగా పాడిన చోట ఫ్యాన్ల హోరు, కుర్చీలు జరిపిన చప్పుడే ఎక్కువ. ఊళ్లో ఉన్న మా అమ్మకు పంపిస్తే "సాహిత్యం తెలియడం లేదు నాయనా" అనింది. ఆ రోజు మళ్లీ రాదు కదా, చాలా బాధేసింది. వచ్చే నెల రాజంపేట వైపు ఒక గుడిలో ఇంకో కచేరీ ఉంది. పదివేల లోపు ఖర్చు పెట్టగలను. మీరు ఎట్లా చేస్తున్నారో చెప్పండి.

తంబురశ్రుతి:
అన్నా, గొంతు కుంగడం ఫోన్ చేసే పనే. పెద్ద శబ్దం రాగానే ఫోన్ తనంతట తానే లెవల్ తగ్గించేస్తుంది, నిశ్శబ్దంలో పెంచేస్తుంది. మాట్లాడే మాటకు అది మంచిదే, సంగీతానికి కాదు. అందుకే సన్నగా పాడిన చోట ఫ్యాన్లు పైకి వచ్చాయి. ఫోన్ బొమ్మకే ఉంచండి, శబ్దం వేరే రికార్డరులో తీయండి. చేతిలో పట్టేంత చిన్న రికార్డరు చాలు. లెవల్ ఆటో తీసేసి చేత్తోనే పెట్టండి. రికార్డింగు నాణ్యత 24-బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకుంటే వీడియోతో సరిపోతుంది. తని ఆవర్తనంలో (మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం) అది ఎంత మోగుతుందో ముందే ఒకసారి వాయించమని అడిగి, ఆ పెద్ద దెబ్బ మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేట్టు పెట్టండి. మీటరు సున్నా తాకితే శబ్దం పగిలిపోతుంది, దాన్ని తర్వాత బాగుచేయడం చాలా కష్టం. తక్కువగా వచ్చిందాన్ని మాత్రం పెంచుకోవచ్చు.

ఇంకొకటి, ఐదో వరుస చాలా దూరం. రికార్డరును స్టేజీ ముందుకు, పాప నుంచి రెండు మూడు మీటర్లలో, కూర్చున్నవాళ్ల తల ఎత్తుకు కొంచెం పైన పెట్టండి. దగ్గరికి వెళ్లేకొద్దీ పాట పెరుగుతుంది, హాలు తగ్గుతుంది. ఎంత ఖరీదైన మైకు కొన్నా ఈ లాభం రాదు.

పెన్నాఒడ్డు:
రికార్డరు ఒక్కటే ఎందుకు, మైకులన్నీ కలిసే మిక్సర్ నుంచి నేరుగా లైన్ (కేబుల్‌లో శబ్దం) తీసుకుంటే ఫ్యాన్లు, జనం, దగ్గులు ఏవీ రావు. నేను నాలుగేళ్లుగా అట్లాగే చేస్తున్నా.

ఒకసారి మాత్రం బాగా దెబ్బతిన్నాను. చిన్న హాల్లో కచేరీ. ఇంటికి వచ్చి వింటే గొంతు గంటలాగా ఉంది, మృదంగం ఎక్కడో పక్క వీధిలో వాయిస్తున్నట్టు ఉంది. చిన్న హాల్లో మృదంగానికి మైకు అవసరం ఉండదు, దాని సొంత శబ్దమే జనానికి చాలు. అందుకే మిక్సర్‌లో దాన్ని దాదాపు మూసేసి ఉంటారు. హాల్లో కూర్చున్నవాళ్లకు అన్నీ సమానంగా వినపడతాయి కానీ లైన్‌లో వచ్చేది స్పీకర్లకు పోయేదే. గిటారు, డ్రమ్ములు ఉన్న బ్యాండ్లకూ ఇదే తంటా. అప్పటినుంచి లైన్ ఒకటి, జనం ముందు రికార్డరు ఒకటి, రెండూ తీస్తాను. గొంతు లైన్ నుంచి, వాద్యం, చప్పట్లు, హాలు వాతావరణం రికార్డరు నుంచి. రెండూ కలిపితే అక్కడ కూర్చుని విన్నట్టు వస్తుంది.

కలిపేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. రికార్డరు 15 మీటర్ల వెనక ఉంటే 44 మిల్లీసెకన్లు ఆలస్యం, అంటే వీడియోలో ఒక ఫ్రేము. సరిచేయకుండా కలిపితే గొంతు రెండుసార్లు పలికినట్టు ఉంటుంది. వెనక ట్రాకును అంతమేర ముందుకు జరపాలి.

నల్లకేబుల్:
లైన్ అనగానే సంతోషపడి నేను చేసిన తప్పు చెప్తాను, మీరు చేయొద్దు. మిక్సర్ లావు జాకు నుంచి రికార్డరు చిన్న జాకుకు మామూలు స్టీరియో కేబుల్ వేశాను. మీటర్లు రెండూ చక్కగా ఆడుతున్నాయి. ఇయర్‌ఫోన్‌లో ఏదో బోలుగా ఉన్నట్టు అనిపించింది కానీ హడావిడిలో వదిలేశాను. ఇంటికి వచ్చి ఫోన్ స్పీకరులో పెడితే పాట మాయం! వాల్యూమ్ నిండా పెంచినా ఏమీ లేదు. మిక్సర్ ఆ జాకులో ఒకే శబ్దాన్ని సూటిగా ఒక తీగలో, తలకిందులుగా ఇంకో తీగలో పంపుతుంది. స్టీరియో కేబుల్ వేస్తే ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పోయింది. ఫోన్‌లో రెండూ కలిసేసరికి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. ఒక చెవి ట్రాకు తీసేసి, రెండోదాన్నే రెండు వైపులా వేసుకుంటే పాట తిరిగి వచ్చింది. అంతవరకు నాకు చెమటలు పట్టాయి.

లెవల్ సంగతి కూడా చూడండి. మిక్సర్ నుంచి వచ్చే లైన్ మైకు సిగ్నల్ కంటే వందల రెట్లు పెద్దది. రికార్డరులో లైన్ అని వేరే అమరిక ఉంటే అది పెట్టండి, లేకపోతే మధ్యలో ప్యాడ్ (సిగ్నల్ తగ్గించే చిన్న ముక్క) వేయండి. రికార్డరు మైకులకు పంపే 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు ఆఫ్ చేయడం మరిచిపోవద్దు. బాగా పెద్ద, బాగా చిన్న శబ్దాలను రెండింటినీ పట్టే 32-బిట్ ఫ్లోట్ రికార్డరు ఉంటే లెవల్ టెన్షన్ చాలావరకు పోతుంది. అయితే మిక్సర్‌లోనే పగిలిన శబ్దాన్ని అది కూడా బాగుచేయలేదు.

పొద్దుటూరుమైకు:
నేను ఇరవై ఏళ్లుగా మైకుసెట్టు నడుపుతున్నా. మా వైపు నుంచి కూడా ఒక మాట. కచేరీ మొదలైన పది నిమిషాలకు ఎవరో వచ్చి, ఒక కేబుల్ చేతిలో పెట్టి "అన్నా, లైన్ ఇయ్యి" అంటారు. అప్పుడు నా ఒక చెయ్యి గొంతు ఫేడర్ (లెవల్ జరిపే మీట) మీద ఉంటుంది, ఇంకో చెయ్యి విజిల్ ఎక్కడ కొడుతుందా అని ఈక్వలైజర్ మీద. ఆ సమయంలో ఎవరికీ మంచి లైన్ ఇవ్వలేను. గంట ముందు రండి, సౌండ్ చెక్‌లో నా పక్కన నిలబడండి. మీ కేబుల్, మీ పిన్నులు మీరే తెచ్చుకోండి.

మెయిన్ అవుట్ అడగొద్దు. ఆక్స్ (మెయిన్‌తో సంబంధం లేకుండా వేరే మిశ్రమం పంపే అవుట్) ఒకటి వేరే ఇమ్మని అడగండి. అందులో మృదంగం, వయొలిన్ మీకు కావాల్సినంత పెంచి ఇస్తాను, హాల్లో వాళ్లకు తేడా తెలియదు. ప్రీ-ఫేడర్ అని చెప్తే ఇంకా మంచిది, నేను హాలు కోసం ఫేడర్లు పైకి కిందకు జరిపినా మీ రికార్డింగు కదలదు. మన దగ్గర గొంతుకు ఎకో ఎక్కువ పెట్టమని అడిగేవాళ్లే ఎక్కువ. వీడియోలో అది వింటే పదాలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆక్స్‌లో ఎకో లేకుండా ఇమ్మనండి. తర్వాత కావాలంటే మీరే కలుపుకోవచ్చు, పడిన ఎకోను తీయడం మాత్రం చాలా కష్టం.

నేను మిక్సర్ మీద తెల్ల టేపు ముక్క అంటించి, పెన్నుతో "వీడియో" అని రాసి పెట్టుకుంటాను. ఆ బటన్ ముట్టుకోవద్దని మా పిల్లవాడికీ చెప్తాను. ముందే వచ్చి అడిగినవాళ్లకు ఈ గౌరవం మా వాళ్లందరూ ఇస్తారు.

చెక్కభజన_అక్క:
మాది ఆరుబయట కథ. అన్నమయ్య జయంతికి తాళ్లపాకలో 108 అడుగుల విగ్రహం దగ్గర గోష్ఠిగానం తీశాను, గండికోటలో చెక్కభజన తీశాను. గాలే పెద్ద శత్రువు. గండికోట లోయ అంచున సాయంత్రం గాలి లేస్తే, మైకు మీద ఉత్త స్పాంజి తొడుగు ఏమాత్రం ఆపలేదు. బొచ్చు తొడుగు వేస్తే సగానికి పైగా తగ్గింది. లో-కట్ (కింది స్థాయి శబ్దాలను కోసేసేది) 80 హెర్ట్జ్ దగ్గర పెడితే మిగిలిన గుబగుబ పోయింది. అంతకంటే పైకి పెంచితే మృదంగం తొప్పి (ఎడమ వైపు) గుముకీ కూడా దాంతోపాటే పోతుంది, రవ్వ ముద్ద అద్ది తెచ్చుకున్న ఆ గంభీరమంతా పోతుంది. జాగ్రత్త.

చెక్కలు చెవికి అంత పెద్దగా అనిపించవు, మీటరులో మాత్రం సూదిలాగా లేస్తాయి. కంటికి ఆ ముల్లు అందదు కూడా. చెక్కలు, తాళాలు, గజ్జెలు ఉన్న చోట నేను మైనస్ 18కి దించుతాను. రికార్డరులో రెండో కాపీ తక్కువ లెవల్‌తో తీసే సదుపాయం ఉంటే తప్పకుండా ఆన్ చేయండి. టాస్కామ్ డీఆర్-40లో అది ఉంది, నన్ను రెండుసార్లు కాపాడింది.

దేవునికడప అన్నకు: మీరు వెళ్లేది గుడి అన్నారు కదా. ఒంటిమిట్ట గుడి మండపంలాగా రాతి స్తంభాలు ఉన్న చోటైతే ప్రతి శబ్దమూ రాయిని తాకి తిరిగొస్తుంది. రికార్డరును ఇంకా దగ్గరికి, మీటరున్నర దాకా తీసుకెళ్లండి. చప్పట్ల కోసం వెనక ఇంకోటి పెట్టే పనే లేదు, ఆ రాయే మోతంతా తెచ్చి ఇస్తుంది.

ఫ్రేము_తప్పింది:
రెండు పరికరాల్లో తీస్తే చివరికి పెదాలకూ పాటకూ పొసగదు, ముందే చెప్తున్నా. మొదట్లో చప్పట్లు కొట్టి కలిపితే అరగంట దాకా బాగుంది, గంటన్నర చివర్లో ఆరు ఫ్రేములు తేడా. రెండింటి గడియారాలు ఒకే వేగంతో నడవవు. మొదటా చివరా కూడా చప్పట్లు కొట్టండి, ఆ రెండూ కలిసేట్టు శబ్దం వేగం చాలా కొద్దిగా సాగదీయండి, శ్రుతి మారకుండా ఉంచే ఆప్షన్ పెట్టి. ఫోన్ వీడియో అయితే ఫ్రేముల వేగమే స్థిరంగా ఉండదు, ఎడిటింగుకు ముందు హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిర ఫ్రేము రేటుకు మార్చుకోండి. ఎడిటింగు సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్ ఉచితంగా దొరికే వెర్షన్‌లోనే తరంగం చూసి కలిపే సదుపాయం ఉంది. ఫోన్‌లో కూడా శబ్దం రికార్డు కానివ్వండి, అది లేకపోతే కలపడానికి ఆనవాలే ఉండదు.

ఉరుసురాత్రి:
పెద్ద దర్గా ఉరుసులో ఖవాలీ తీసేవాణ్ణి. పైన చెప్పినవన్నీ సరే. పాడేవాళ్లను, నిర్వాహకులను ముందే అడిగి, మైకు ఎక్కడ పెట్టాలో వాళ్లే చూపించనివ్వండి. అడిగి పెట్టిన స్టాండును ఎవరూ జరపరు.

దేవునికడప:
అందరికీ పేరుపేరునా దండాలు. నిన్ననే గుడిలో కచేరీ అయింది. రికార్డరు కొని పాపకు మీటరున్నరలో పెట్టాను. మైకుసెట్టు అన్న దగ్గరికి గంట ముందే పోయాను, ఎకో లేకుండా ఆక్స్ ఇచ్చాడు, నేనడగకుండానే టేపు కూడా అంటించాడు. ఈరోజు మా అమ్మకు వినిపించాను. సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడేవి) కూడా వేరువేరుగా తెలుస్తున్నాయంటూ కళ్లు మూసుకుని మొత్తం విన్నది. ఒక్క లోపం: లైన్ ట్రాకులో ఆపకుండా ఒక ఝుమ్మనే శబ్దం ఉంది, రికార్డరు ట్రాకులో లేదు.

నల్లకేబుల్:
లైన్ తీసినదాన్ని చార్జరు మీద నడిపారు కదూ? కరెంటు భూమి తీగ రెండు దారుల్లో కలిసి 50 హెర్ట్జ్ ఝంకారం వస్తుంది. ఈసారి బ్యాటరీ మీదే నడపండి, లేదా లైన్ కేబుల్ మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వేయండి. ఇప్పుడున్న ట్రాకులో 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర సన్నని నాచ్‌లు (ఆ ఒక్క శబ్దాన్నే కోసే ఫిల్టర్లు) పెట్టండి. మూడూ సన్నగా ఉంటే తంబురకు నష్టం లేదు. మార్చాక ఒకసారి అమ్మగారికే వినిపించండి.