ఎక్సిటాన్‌ను ‘ఉత్తేజ కణం’ అనవచ్చునా?

ఎక్సిటాన్‌కు ‘ఉత్తేజ కణం’ అన్న మాటను సూచించిన మిత్రులకు నమస్కారం. మాట వినసొంపుగానే ఉంది కానీ, కార్బన్ నానో గొట్టాల (కార్బన్ పరమాణువులతో ఏర్పడే అతి సన్నని గొట్టాల) గురించి తెలుగులో రాయబోయేవారికి అది అసలు విషయం వచ్చేచోటనే అక్కరకు రాదని నా అభిప్రాయం.

అర్ధవాహకం కాంతిని గ్రహించినప్పుడు ఒక ఎలక్ట్రాన్ పై శక్తి పట్టీకి (ఎలక్ట్రాన్లు ఉండగల శక్తుల శ్రేణికి) చేరి, కింద ఖాళీ చేసిన చోట ధనావేశంలా ప్రవర్తించే ‘రంధ్రాన్ని’ మిగులుస్తుంది. ఆ రెండూ విడివిడిగా సంచరించినా ఉత్తేజిత స్థితే, పరస్పర ఆకర్షణతో జంటగా సంచరించినా ఉత్తేజిత స్థితే. జంటగా ఉన్నదాన్నే ఎక్సిటాన్ అంటారు కనుక ఆ పేరు తెలుపవలసింది బంధాన్ని.

గాలియం ఆర్సెనైడ్ అనే అర్ధవాహక స్ఫటికంలో ఈ బంధన శక్తి, అంటే జంటను విడదీయడానికి కావలసిన శక్తి, సుమారు 4 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులే (ఇది అతి చిన్న శక్తులను కొలిచే ప్రమాణం). గది ఉష్ణోగ్రతలోని 25 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల ఉష్ణశక్తికి ఆ జంట నిలవదు. నానో గొట్టంలో మాత్రం ఆవేశాలు రెండూ గొట్టం పొడవునే కదలాలి. పైగా వాటి మధ్య విద్యుత్ బలరేఖలు చాలావరకు గొట్టం వెలుపలి నుంచే సాగుతాయి కాబట్టి ఆకర్షణను తగ్గించే పదార్థం అక్కడ తక్కువ. ఈ గొట్టాల కాంతి శోషణలో ఎక్సిటాన్ల ప్రభావం బలంగా ఉంటుందని జపాన్ శాస్త్రవేత్త త్సునెయా అండో 1997లోనే గణించి చూపారు. ఫెంగ్ వాంగ్, గోర్డానా డుకోవిచ్, లూయీ బ్రూస్, టోనీ హైంజ్ 2005లో దానికి ప్రయోగ నిదర్శనం చూపారు. ఎలక్ట్రాన్, రంధ్రం స్వేచ్ఛగా ఉండేవే అయితే, రెండు ఫోటాన్లను ఒకేసారి గ్రహించడానికి కావలసిన మొత్తం శక్తి, గొట్టం వెలువరించే కాంతి శక్తి దగ్గరే మొదలు కావాలి. అది చాలా పైన మొదలైంది. ఆ తేడానుంచి, సుమారు 0.8 నానోమీటర్ల వ్యాసం గల గొట్టాలకు బంధన శక్తి దాదాపు 400 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులని తేల్చారు. గాలియం ఆర్సెనైడ్‌తో పోలిస్తే ఇది నూరు రెట్లు! ఇంతటి బంధాన్ని ‘ఉత్తేజ కణం’ అన్న పేరు చెప్పకుండా వదిలేస్తోంది.

అందువల్ల ఎలక్ట్రాన్, ఫోటాన్‌ల వరుసలో ఎక్సిటాన్‌ను అలాగే ఉంచి, మొదటి ప్రస్తావనలో ‘ఎలక్ట్రాన్–రంధ్ర బద్ధయుగళం’ అని వివరించడం మేలని నా ప్రతిపాదన. కాంతితో నేరుగా ముడిపడని ఎక్సిటాన్‌ను ‘చీకటి ఎక్సిటాన్’ అనడం కూడా నాకు నచ్చలేదు. స్పిన్ (కణాలకు సహజంగా ఉండే భ్రమణం వంటి లక్షణం) భేదాలనూ, శక్తి పట్టీలోని రెండు లోయలనూ (శక్తి అతి తక్కువగా ఉండే చోట్లనూ) లెక్కలోకి తీసుకుంటే అతి తక్కువ శక్తి గల ఎక్సిటాన్‌కు 16 స్థితులు వస్తాయి. వాటిలో కాంతితో నేరుగా ముడిపడేది ఒక్కటే. తక్కినవాటిని ‘వెలగని ఎక్సిటాన్లు’ అంటే అర్థం సూటిగా అందుతుంది.