నైసియా సభలో క్రైస్తవ విశ్వాసం తయారైందా, ముందునుంచే ఉందా?

కృష్ణలంక_కుర్రాడు:
ఒక వీడియోలో విన్నాను. 325లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ నైసియాలో (ఇప్పటి టర్కీలో ఉంది) బిషప్పుల్ని కూర్చోబెట్టి, ఏ సువార్తలు ఉంచాలి, యేసు దేవుడా కాదా అని ఓటు పెట్టించి తేల్చేశాడట. అంతకుముందు ఎవరికి తోచింది వాళ్లు నమ్మేవారా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతగ్రంథం:
నైసియాలో పుస్తకాల గొడవే లేదండీ. అక్కడ చేసిన 20 నియమాలు ఇప్పటికీ దొరుకుతాయి, ఒక్కటీ దాని గురించి కాదు. పుస్తకాలన్నీ ఒకచోట పెడితే దొంగవి కింద పడిపోయాయన్న కథ అయిదొందల ఏళ్ల తర్వాత పుట్టింది. ఇప్పుడు మన చేతిలో ఉన్న కొత్త నిబంధన 27 పుస్తకాలు అచ్చంగా జాబితాలో కనిపించేది 367లో, అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ రాసిన ఈస్టరు లేఖలో.
అలాగని ముందు ఏమీ లేదనుకోకండి. మార్సియన్ అనే ఓడల వ్యాపారి రోమ్ సంఘానికి రెండు లక్షల సెస్టర్సులు ఇచ్చాడు. తర్వాత, పాత నిబంధన దేవుడు వేరు, యేసు చెప్పిన తండ్రి వేరు అని బోధించాడు. 144 ప్రాంతంలో ఆయన్నీ పంపేశారు, డబ్బూ వాపసు ఇచ్చేశారు. ఆయన లూకా సువార్తని కత్తిరించి, పౌలు పత్రికలు పది కలిపి సొంత సంపుటి చేసుకున్నాడు. అలాంటివాడు ఎదురయ్యాకే మిగతావాళ్లు మావి ఇవీ అని గట్టిగా చెప్పుకోవాల్సి వచ్చింది. 180 ప్రాంతంలో లియోన్ బిషప్పు ఐరేనియస్ సువార్తలు నాలుగే, ఎక్కువా కాదు తక్కువా కాదు అని రాసేశాడు.

కోనసీమ_కొబ్బరి:
డబ్బు వాపసు ఇచ్చారా! ఇది మా సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాలి.

ప్రశ్నార్థకం:
పుస్తకాలు పక్కన పెట్టండి. యేసు సంగతి మీద ఓటు జరిగిందా, లేదా?

పాతగ్రంథం:
ఓటు కాదు, సంతకం. ఏరియస్ అలెగ్జాండ్రియాలో ప్రెస్బిటరు, అంటే బిషప్పు కింద పనిచేసే పాదిరి. కుమారుణ్ణి తండ్రే కలగజేశాడు, ఆయన లేని సమయం ఒకటుంది అన్నాడు. ‘యెహోవా నన్ను కలుగజేసెను’ అని జ్ఞానం చెప్పే సామెతలు 8:22 చూపించాడు. వచ్చిన దాదాపు 300 మంది బిషప్పులు కాదు, తండ్రీ కుమారుడూ ఒకే తత్వం అన్న విశ్వాస ప్రమాణం మీద సంతకం పెట్టారు. చివరిదాకా పెట్టనిది ఇద్దరే, థియోనాస్, సెకుండస్.
క్రీస్తుని ఆరాధించడం మాత్రం ఆ రోజు మొదలవలేదు. యేసు పేరున ప్రతి మోకాలూ వంగాలన్న ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం తీయండి, అది మొదటి శతాబ్దం. 112 ప్రాంతంలో బితూనియ గవర్నరు ప్లినీ, వీళ్లు తెల్లవారకముందే చేరి క్రీస్తుని దేవుడిలా కీర్తిస్తున్నారని చక్రవర్తికి రాశాడు. నైసియా ఉన్నది ఆ బితూనియలోనే.

ప్రశ్నార్థకం:
సంతకమంటే ఓటు కాదా? ఆ ఇద్దరినీ ఏరియస్‌తోపాటు దేశం వెళ్లగొట్టారు. ఆ సంగతి దాటేశారేం? కైసరయ బిషప్పు యూసేబియస్ సంతకం పెట్టి, ఆ మాట ఏ అర్థంలో ఒప్పుకున్నాడో తన సంఘానికి సంజాయిషీ ఉత్తరం రాసుకున్నాడు. ఎదురుగా చక్రవర్తి కూర్చుంటే ఎవరు పెట్టరు?

తెనాలి_పెద్దబ్బాయి:
మా గుడిలో ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణం చెప్తాం. దీని వెనక ఇంత కథ ఉందని ఎవరూ చెప్పలేదు.

పాతగ్రంథం:
చక్రవర్తి చెప్పిందే చెల్లితే నైసియా మాట పదేళ్లు కూడా నిలిచేది కాదు. ఆయనే ఏరియస్‌ని వెనక్కి పిలిపించాడు. 337లో చనిపోబోతూ ఏరియస్ పక్షం బిషప్పు చేత బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన కొడుకు కాన్‌స్టాంటియస్ నైసియాకి పూర్తిగా ఎదురు తిరిగాడు. 359లో ఇటలీలోని అరిమినంలో నాలుగొందల మందికి పైగా బిషప్పుల్ని నెలల తరబడి ఆపి, ‘తత్వం’ అన్న మాటే లేని ప్రమాణం మీద సంతకాలు లాగారు. అతనాసియస్‌ని అయిదుసార్లు వెళ్లగొట్టారు. అయినా 381లో కాన్‌స్టాంటినోపుల్ సభలో నిలబడింది నైసియా మాటే.

ప్రశ్నార్థకం:
నిలబడిందా, నిలబెట్టారా? 380లో థియోడోసియస్ చక్రవర్తి శాసనం, తండ్రీ కుమారుడూ సమానమని నమ్మనివాళ్లు పిచ్చివాళ్లు అంటుంది. కాన్‌స్టంటైన్ ఏరియస్ రాతలు కాల్చేయమన్నాడు, దాచినవాడికి మరణశిక్ష అన్నాడు. పుస్తకాలు కాల్చేసి, చూశారా మా మాటే మిగిలింది అంటే ఎలాగండీ?

పాతగ్రంథం:
మొదటిది, అప్పుడు చక్రవర్తి ఏ పక్షం ఉంటే ఆ పక్షం అవతలివాళ్లని బాదింది. రెండోది, మీకు చరిత్ర అక్కర్లేదు. మీ గోల ఏ పాస్టరు మీదో.

ప్రశ్నార్థకం:
అవును, పాస్టరు మీదే. దాచుకునేదేముంది? ఇంటి ప్రార్థనలో యోహాను 14:28 చదివి, ‘తండ్రి నాకంటె గొప్పవాడు’ అని యేసే అంటే మరి సమానం ఎలా అని అడిగాను. అంతే. మరుసటి ఆదివారం నాకు ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) ఆపేశారు. చెల్లెలి పెళ్లి ప్రకటన గుళ్లో చదవం అన్నారు. అదేం అడిగింది పాపం? మా అమ్మ వాళ్ల గుమ్మం దగ్గర నిలబడి బతిమాలింది. నువ్వు తేదీలు చెప్పు కూర్చుని.

కోనసీమ_కొబ్బరి:
‘నువ్వు’లు వద్దు బ్రదర్.

పాతగ్రంథం:
నేనూ చెప్తాను. మా పెద్దమ్మ ఊళ్లోకి ఒకాయన వచ్చాడు, కడవరి ఏలీయాని నేనే అన్నాడు. బైబిలే చూపించాడు. ఆమె చేతి గాజులు, రెండు ఎకరాల కౌలు డబ్బులు ఆయనకే పోయాయి. ఈయన బోధ మనది కాదు అని మైకులో చెప్పే ధైర్యం అక్కడ ఒక్క సంఘానికీ లేకపోయింది. అందరూ నవ్వి ఊరుకున్నారు. గీత గీయకపోతే ఎవరు నష్టపోతారో నాకు తెలుసు.

ప్రశ్నార్థకం:
బోధ తప్పని చెప్పండి, ఎవరొద్దన్నారు? మనిషిని ఎందుకు గెంటాలి? 325 నాటి ప్రమాణం చివర, ఏరియస్‌లా అనేవాళ్లు శాపగ్రస్తులు అని ఉంది. ఇప్పుడు గుళ్లలో చెప్పేది 381 నాటిది, అందులో ఆ శాపం లేదు. వాళ్లకే అక్కర్లేదనిపించింది.

పాతగ్రంథం:
ప్రమాణంలో లేదంతే. 381 సభ మొదటి నియమమే ఏరియస్ పక్షాన్నీ, ఇంకో అయిదారు పక్షాలనీ పేరుపేరునా శపిస్తుంది. సగం చెప్పొద్దు.

ప్రశ్నార్థకం:
ఒప్పుకున్నాను, ఉంది. ఆ పేర్లలో మా చెల్లెలు ఎక్కడుందో చూపించండి.

పాతగ్రంథం:
లేదు. పెళ్లి ప్రకటన ఆపడం మీ పాస్టరుగారు చేసిన తప్పే, ఏ నియమం కిందకీ రాదు. ఏరియస్ సంగతిలో మాత్రం నా మాట మారదు.