పవర్ టిల్లర్ స్టార్ట్ అయితలేదు, తెలిసినోళ్లు జర చెప్పండి

పర్కాల పత్తి రైతు:
అందరికీ నమస్తే. 2022 వానకాలం పంట అయినంక మా టిల్లర్ కొట్టంల పెట్టినం, మళ్ల తీయలే. ఇప్పుడు పత్తి సాళ్లల్ల గడ్డి మోకాలెత్తు లేచింది, కూలోళ్లు దొరుకుతలేరు. ఇయ్యాల పొద్దుగాల బయటికి గుంజి కొత్త ప్లగ్గు ఏసిన, ఎయిర్ ఫిల్టర్ కడిగిన, పెట్రోల్ పోసిన. పొద్దూకేదాక తాడు గుంజుడే. ఒక్కసారి గూడ అందుకోలే. భుజం లేస్తలేదు. ఏం చేయాలె?

హన్మకొండ మెకానిక్:
టూ స్ట్రోకా (పెట్రోల్ల ఆయిల్ కలిపేది), ఫోర్ స్ట్రోకా? ప్లగ్గుకు కరెంటు వస్తుందా? ఇవి చెప్పకుంట ఎవ్వలేం చెప్తరు తమ్మీ.

భూపాలపల్లి అన్న:
ఆయిల్ చూసినవా?

జనగామ సేంద్రియ రైతు:
ఈ విషయాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతాయి. కార్బరేటర్‌కు (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపేది) పైపు వెళ్లేది ఆ అడుగు నుంచే. అంటే ఇంజన్‌కు ముందు అందేది పెట్రోలు కాదు, ఆ నీళ్లు. పాత రబ్బరు పైపులు కూడా దీనికి దెబ్బతింటాయి. రోజూ తిరిగే బండికి పరవాలేదు. ఏడాదికి నెల రోజులు తిరిగే మన మిషన్లకే ఈ కష్టం. పని అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, కార్బరేటర్‌లో మిగిలింది అయిపోయి ఇంజన్ ఆగేదాకా నడిపి, అప్పుడు పెట్టాలి. మా ఊళ్లో ప్రతి ఒక్కరికీ చెప్తున్నాను.

హన్మకొండ మెకానిక్:
సారూ, ఆయన పెట్టింది 2022ల. 20 శాతం పెట్రోల్ బంకులకు వచ్చుడు మొదలైందే 2023 ఫిబ్రవరిల. ఇథనాల్ లేని కాలంల గూడ కార్బరేటర్లు పూడినయి. పెట్రోల్ల తేలికది ఆవిరైతది, మిగిలింది పాకం లెక్క జెట్లకు, అంటే పెట్రోల్ పోయే సన్న రంధ్రాలకు, అంటుకుంటది.

జనగామ సేంద్రియ రైతు:
10 శాతమైనా తేమ పీల్చకుండా ఉండదు కదా.

పర్కాల పత్తి రైతు:
పెట్రోల్‌దే అన్నా. పెట్రోల్ల ఆయిల్ కలుపుడు లేదు. ప్లగ్గు విప్పి ఇంజన్‌కు ఆనిచ్చి గుంజి చూసిన, నిప్పురవ్వ అసలే లేదు.

ములుగు:
అది టిల్లర్ కాదు, వీడర్, కలుపు తీసేది. టిల్లర్ అంటే 12 హార్స్ పవర్, 15 హార్స్ పవర్ డీజిల్‌ది, దమ్ము చేసేది. షాపుల టిల్లర్ అని అడిగితే దాని సామానే ఇస్తరు, జాగ్రత్త.

పర్కాల పత్తి రైతు:
మా ఊర్ల అందరు టిల్లరే అంటరు. కరెంటు ఎందుకు వస్తలేదో చెప్పండి అన్నా.

హన్మకొండ మెకానిక్:
ఫోర్ స్ట్రోక్ అన్నట్టు. ప్లగ్గు రంధ్రం పక్కనే పెట్టి రవ్వ చూడకు, లోపలి పెట్రోల్ ఆవిరి అంటుకుంటది. తాడు ఉన్న మూత విప్పు. ఎలుకలు గూడు పెట్టినయా, స్విచ్ వైరు కొరికినయా చూడు. మాగ్నెట్‌కు తుప్పుంటె సన్నపు గరుకు కాయితంతోని రుద్ది తుడువు.

భూపాలపల్లి అన్న:
ఇంజన్ ఆయిల్ ఎంత ఉంది? రెండోసారి అడుగుతున్న. చాన ఇంజన్లల్ల ఆయిల్ తక్కువుంటె లోపలి సెన్సార్ కరెంటు ఆపేస్తది. మిషిన్ ఒక దిక్కు ఒరిగినా అంతే.

పర్కాల పత్తి రైతు:
నాన్నను అడిగిన. పెట్టేటప్పుడు ఆయిల్ మొత్తం వంపి పెట్టిండట.

భూపాలపల్లి అన్న:
20డబ్ల్యూ40 ఇంజన్ ఆయిల్ పొయ్యి. ఇంజన్ సమానంగ ఉండాలె. మూత కాడి అంచు దాక.

హన్మకొండ మెకానిక్:
ఆగు, ఆగు. దినమంత ఆయిల్ లేకుంట గుంజినవు. ప్లగ్గు తీసి ఆ రంధ్రంల ఒక చెంచ ఆయిల్ పొయ్యి, తాడు మెల్లగ నాలుగైదు సార్లు తిప్పు. సిలిండర్ గోడలకు అది అంటినంకనే ప్లగ్గు పెట్టి గట్టిగ గుంజు. లేకుంటె రింగులు గీక్కపోతయి, అప్పుడు ఖర్చు వేల మీద పడతది.

పర్కాల పత్తి రైతు:
కరెంటు వచ్చింది అన్నా! ఇంజన్ గూడ అందుకుంది. గని చోక్ తీయంగనే ఆగిపోతుంది.

జనగామ సేంద్రియ రైతు:
పాత పెట్రోలు తీసేశారా?

పర్కాల పత్తి రైతు:
ట్యాంకుల సగం ఉండె, దాని మీదనే కొత్తది పోసిన.

జనగామ సేంద్రియ రైతు:
నేను మొదటి నుంచీ చెప్తున్నది అదే. మొత్తం డబ్బాలోకి వంపేయండి. దయచేసి చేనులో, బావి గట్టున పారబోయకండి.

హన్మకొండ మెకానిక్:
పెట్రోల్ కాక్ బంద్ చేసి కార్బరేటర్ కింది గిన్నె విప్పు. నడుమ ఇత్తడి జెట్ ఉంటది, వెలుతురుకు పట్టి చూడు, రంధ్రం కనపడాలె. పక్కన పైలట్ జెట్ ఇంకా సన్నం, అది గూడ తీయి. కార్బరేటర్ క్లీనర్ కొట్టి నానబెట్టు. సూది, ఇనుప తీగ పెట్టకు, ఇత్తడి మెత్తగ ఉంటది, రంధ్రం పెద్దగైతె పెట్రోల్ ఎక్కువ గుంజుతది. కరెంటు వైరుల రాగి పోగు ఒకటి సాలు. గిన్నె వాషర్ తెగకుంట చూసుకో.

పర్కాల పత్తి రైతు:
సరే అన్నా, పొద్దుగాల విప్పుత. థాంక్స్ అందరికి.

నర్సంపేట:
నా బ్రష్ కట్టర్ గూడ రెండేండ్ల సంది పెట్టి ఉంది. టూ స్ట్రోక్. దాంట్ల ఇంజన్ ఆయిల్ ఏడ పొయ్యాలె?

భూపాలపల్లి అన్న:
ఏడ పొయ్యద్దు. పెట్రోల్లనే 2టీ ఆయిల్ కలుపుడు. ఎంత కలపాలెనో మిషిన్ పుస్తకంల ఉంటది.

నర్సంపేట:
పుస్తకం లేదన్నా.