పికప్ ఛాసిస్ మీద కట్టిన ఎస్‌యూవీ: వాడుతున్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి

కోనసీమ కొబ్బరితోట:
అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్‌లో ఇసుజు ఎంయూ-ఎక్స్ చూస్తున్నాను. 3.0 లీటర్ డీజిల్, ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందేది). అమ్మానాన్నలతో కలిపి ఇంట్లో ఆరుగురం. మన శ్రీసిటీలో తయారైన బండి కాబట్టి మనసు అటే లాగుతోంది. మా బావ మాత్రం "డీ-మ్యాక్స్ ట్రక్కు మీద డబ్బా బిగించారు, నడుం పోతుంది" అంటున్నాడు.

రేగడినేల:
మీ బావగారు చెప్పింది సగమే నిజం అన్నా. ఛాసిస్ (కింది ఇనుప చట్రం) ఇసుజు పికప్ డీ-మ్యాక్స్‌దే, కానీ వెనక సస్పెన్షన్ వేరు. మా తమ్ముడి డీ-మ్యాక్స్ వి-క్రాస్ పికప్‌కి వెనక కమాన్ కట్టలు, నా ఎంయూ-ఎక్స్‌కి కాయిల్ స్ప్రింగులు. ఖాళీగా వెళ్ళేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) కూడా పికప్‌కి 3095 మి.మీ., దీనికి 2845. సందుల్లో తిప్పుకోవడం కాస్త తేలిక.

కుదుపు లేదని మాత్రం అనను. గతుకుల్లో మెల్లగా వెళ్తుంటే మనిషి పక్కలకి ఊగుతాడు. మొదట టైర్లలో గాలి చూసుకోండి. పంక్చర్ షాపులో పెద్ద బండి కదా అని అడక్కుండానే 40 కొట్టేస్తారు. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఎంతుందో చూసి అంతే పెట్టించండి. సగం కుదుపు అక్కడే తగ్గుతుంది.

మారేడుమిల్లి మలుపు:
మాది టయోటా ఫార్చ్యూనర్, అదీ హైలక్స్ పికప్ వరసలోదే. వీటన్నిటికీ ఒకటే ఇబ్బంది, మూడో వరస. ఛాసిస్ కింద ఉంటుంది కాబట్టి ఫ్లోర్ ఎత్తవుతుంది, కూర్చుంటే మోకాళ్ళు పైకొస్తాయి. ఘాట్‌లో అక్కడ పెద్దవాళ్ళని అస్సలు కూర్చోబెట్టకండి, వాంతులు ఖాయం. ఇంకో మాట. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులుంటే టెస్ట్ డ్రైవ్‌కి ఆవిడని కూడా తీసుకెళ్ళండి. ఫుట్‌స్టెప్ మీద కాలు పెట్టి, హ్యాండిల్ పట్టుకుని ఎక్కగలరో లేదో అక్కడే తేలిపోతుంది.

కోనసీమ కొబ్బరితోట:
అమ్మకి నొప్పులున్నాయండి, ఈ సంగతి తట్టనే లేదు. ఫోర్ బై ఫోర్ నిజంగా అవసరమంటారా?

రేగడినేల:
పొలం దారి ఉంటేనే. నల్లరేగడిలో వాన పడ్డాక టైరు గాళ్ళన్నీ మట్టితో పూడిపోయి చక్రం నున్నగా అయిపోతుంది. అప్పుడు నాలుగు చక్రాలూ కలిసి తిరుగుతాయి, బండి ఉన్నచోటే ఉంటుంది. అక్కడ మంచి టైర్లే ముఖ్యం. పొడి తారు రోడ్డు మీద మాత్రం ఫోర్ హై (మామూలు వేగంలో నాలుగు చక్రాలూ తిప్పే గేరు) వేయొద్దు. ముందు, వెనక చక్రాల్ని వేరువేరు వేగంతో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ దీనికి లేదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు తిరిగే దూరం వేరు కదా, ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది.

కూకట్‌పల్లి డీజిల్:
ఎక్కువగా సిటీలోనే తిరిగేట్టయితే వద్దనే చెప్తాను బ్రదర్. బరువు, పొడవు, పార్కింగ్, రోజూ టెన్షనే. 2021 నుంచి వచ్చినవాటిలో 1.9 లీటర్ ఇంజన్, 163 పీఎస్ (ఇంజన్ బలం). మీరు చూస్తున్న పాతదానికి 177. హైవే మీద నిండా జనంతో ఓవర్‌టేక్ చేసేటప్పుడు నాకు పాతదే నచ్చింది.

మారేడుమిల్లి మలుపు:
కోనసీమ అంటున్నారు కాబట్టి, ఉప్పుగాలి ఉంటుంది. బండిని లిఫ్ట్ ఎక్కించి టార్చి వేసి ఛాసిస్ పట్టీలు, వెల్డింగ్ అతుకులు చూడండి. కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే ఎందుకు కొట్టారో అడగండి. ‘ఫోర్ లో’ గేరు (నాలుగు చక్రాల్నీ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిప్పేది) కూడా ఒకసారి మట్టిలో వేయించి, పడుతోందో లేదో చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.