పదివేల సైన్యమా, సైన్యమ్మా?

జర్నలిజం విద్యార్థిని:
అందరికీ నమస్కారం. జర్నలిజంలో పీజీ చేస్తున్నాను, చివరి సెమిస్టర్. డిసర్టేషన్ పత్రికల యాజమాన్యం మీద, సంపాదకీయాల్లో యజమాని గొంతు ఎంత, జనం గొంతు ఎంత అని చూడటం నా పని. మొదటి పేజీలో నార్ల వెంకటేశ్వరరావుగారి ఆటవెలది పెడదామనుకున్నా. "పత్రికొక్కటున్న పదివేల సైన్యము, పత్రికొక్కటున్న మిత్రకోటి, ప్రజకు రక్షలేదు పత్రిక లేకున్న" వరకు నోటికి వచ్చేస్తుంది కానీ మొదటి పాదం చివర సైన్యము అనాలా సైన్యమ్ము అనాలా అన్నచోట ప్రతిసారీ ఆగిపోతున్నా, క్లాసులో తలా ఒక రకంగా చదువుతున్నారు, మా గైడ్ అయితే "సైన్యం" అని దిద్ది ఇచ్చారు. ఏది రాయాలి? ఇంకోటి, ఈ సైన్యం ఎవరిదంటారు, పత్రిక పెట్టినవాడిదా, చదివేవాళ్ళదా? వైవాలో నన్ను పట్టుకునేది ఇక్కడే అనిపిస్తోంది.

గణవిభజన:
"సైన్యం" మాత్రం కుదరదమ్మా, గైడ్‌గారితో మర్యాదగానే చెప్పు. పత్రి, కొక్క, టున్న మూడు సూర్యగణాలు, పదివేల సలం, అంటే ఒక ఇంద్రగణం, ఆ తర్వాత ఇంకో ఇంద్రగణం రావాలి. సైన్యం అంటే రెండు గురువులు, అది ఇంద్రగణం కాదు. సైన్యము అంటే భగణం (గురువు, రెండు లఘువులు), అది ఇంద్రగణమే, సరిపోయింది. నాలుగో పాదంలో "వాస్తవమ్ము నార్లవారి మాట" అన్నచోట మకారం రెట్టించకపోతే గణం చెడుతుంది కాబట్టి రెట్టించాడు. మొదటి పాదంలో ఆ అవసరం లేదు. అవసరం లేని చోట ద్విత్వం పెట్టే మనిషి కాదు నార్ల. నా ఓటు సైన్యము.

పద్యప్రియ:
గణవిభజనగారూ, సైన్యమ్ము అన్నా తగణం (రెండు గురువులు, లఘువు), అదీ ఇంద్రగణమే కదా, ఛందస్సు రెండిటికీ తలుపు తీసే పెట్టింది. ఒకసారి పైకి చదివి చూడండి. మూడో పాదం "లేకున్న" తో ఆగుతుంది, అదీ తగణమే. మొదటి పాదం సైన్యమ్ము అని ఆగితే బేసి పాదాలు రెండూ ఒకే బరువుతో దిగుతాయి, సైన్యము అంటే తేలిపోతుంది. పైగా మీరు చెప్పిన మకుటమే అందరూ చెప్పరు, "నవయుగాల బాట నార్ల మాట" అని ముగించేవాళ్ళూ ఉన్నారు, అదీ గణాలకి చక్కగా సరిపోతుంది. అప్పుడు మీ వాస్తవమ్ము వాదన ఎక్కడ నిలబడుతుంది?

డెస్క్‌లో పనిచేసినవాణ్ణి:
గైడ్‌గారి "సైన్యం" ఎక్కడి నుంచి వచ్చిందో నేను చెప్తా. సబ్ ఎడిటర్‌గా చేరిన రోజు నుంచి ము కనపడితే సున్న చేయడం చేతికి అలవాటైపోతుంది. ప్రభుత్వము ప్రభుత్వం, విషయము విషయం, కాపీ చదవకుండానే వేలు అటు పోతుంది. పద్యం పేజీలోకి వచ్చినా అంతే, దాన్ని ఎవరూ పద్యంగా చూడరు, ఇంకో పేరా అనుకుంటారు. పాత్రికేయుల సభల బ్యానర్ల మీదకి కూడా అదే పాఠం ఎక్కుతుంది. అమ్మాయ్, నీ సబ్జెక్టుకి ఇది పనికొస్తుంది, పత్రికల గురించి చెప్పిన పద్యాన్ని పత్రికల భాషే మార్చేయడం చిన్న విషయం కాదు, మెథడాలజీ చాప్టర్‌లో పాఠ సేకరణ గురించి రాసేటప్పుడు రెండు వాక్యాలు పెట్టు.

సూరిపక్షం:
సైన్యం దగ్గర కొట్టుకుంటున్నారు, మొదటి మాట ఎవరూ చూడలేదు. పత్రిక + ఒక్కటి. పత్రిక తత్సమం, అంటే సంస్కృతం నుంచి వచ్చిన మాట. అత్తునకు (చివరి అకారానికి) సంధి బహుళమన్న వ్యాకరణకర్త చిన్నయసూరి అక్కడే స్త్రీవాచకాలకీ తత్సమాలకీ సంధి లేదన్నాడు, అమ్మయొసగె, దూతయితడు అని ఉదాహరణలు కూడా ఇచ్చాడు. ఆ లెక్కన పత్రికయొక్కటి కావాలి.

గణవిభజన:
పత్రికయొక్కటున్న అంటే రెండో గణం "కయొక్క", జగణం, అది సూర్యగణం కాదు. పద్యం అక్కడే కూలిపోతుంది. వ్యాకరణం నిలబెట్టి పద్యాన్ని పడగొట్టమంటారా?

పద్యప్రియ:
సూరిపక్షంగారు చెప్పిన సూత్రం సరే, కానీ నార్ల ఆటవెలది పట్టుకున్నది వేమన చేతిలోంచి. వేమన మీద సాహిత్య అకాడమీకి ఇంగ్లీషులో పుస్తకం రాసిన మనిషి ఆయన. రెండో పాదం చూడండి, "పత్రికొక్కటున్న మిత్రకోటి". ప కి మి కి యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి) లేదు, మరి ఎలా నిలబడింది అంటే ప్రాసయతి, ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం, పత్రి-మిత్ర. ఇప్పుడు వేమన రెండో పాదం తలుచుకోండి, "చూడచూడ రుచుల జాడ వేరు". చూ కి జా కి యతి చెల్లదు, చూడ-జాడ ప్రాసయతి. సరిగ్గా అదే పాదం, అదే పద్ధతి! ఆ పాదం చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది, ఎంత తేలిగ్గా పడిందో ఆ జాడ అనే మాట, ఉప్పుకీ కర్పూరానికీ తేడా చెప్పడానికి అంతకంటే చిన్న మాట దొరకదు. వేమన దారిలో నడిచేవాడు పత్రికొక్కటి అని మాట్లాడినట్టే రాస్తాడు.

డెస్క్‌లో పనిచేసినవాణ్ణి:
వేమన అన్నారు కాబట్టి, బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చువేయించేటప్పుడు తాళపత్రాల్లో ఒకే పద్యానికి ఎన్ని పాఠాలు ఎదురై ఉంటాయో ఊహించండి. నోటి మీద బతికిన పద్యానికి పాఠభేదం సహజం. సైన్యము/సైన్యమ్ము కూడా నోటి మీద పుట్టిన తేడానే అని నా నమ్మకం.

ఉర్దూ అభిమాని:
అసలు ఈ భావమే ఉర్దూ కవి అక్బర్ అలహాబాదీది. ఎదురుగా ఫిరంగి ఉంటే అఖ్బారు (పత్రిక) తీయండి అన్నాడు, విల్లూ కత్తీ వద్దన్నాడు. నార్ల అక్కణ్ణించే తీసుకున్నాడని నేను ఎప్పటి నుంచో అంటున్నా.

గణవిభజన:
అక్బర్‌ది ఎదుటివాడి మీద ఆయుధం. నార్లది రక్ష. రెండూ ఒకటి కావు. సైన్యం అన్న మాట ఒక్కటి కలిస్తే భావం అరువు అయిపోదు. అలా అయితే ఒక్క సిరాచుక్కతో లక్ష మెదళ్ళు కదులుతాయన్న కాళోజీని కూడా ఎవరో ఒకరి ఖాతాలో వేయాలి.

సూరిపక్షం:
సంఖ్యలు వచ్చాయి కాబట్టి, మిత్రకోటి అంటే కోటిమంది మిత్రులని చాలామంది అర్థం చెప్తారు. కాదు. జనకోటి, ప్రాణికోటి లాగా సమాసం చివర కోటి అంటే సమూహం.

పద్యప్రియ:
సమూహమే, ఒప్పుకుంటా, కానీ పైపాదంలో పదివేలు విన్న చెవి కింద కోటి వినగానే లెక్కే వింటుంది. పదివేల నుంచి కోటికి ఎక్కించాడు. రెండర్థాలూ కావాలనే పెట్టాడు.

జర్నలిజం విద్యార్థిని:
అందరికీ చాలా థాంక్స్, గణాల సంగతి ఇంత వివరంగా నాకు ఎవరూ చెప్పలేదు. కానీ నా రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది. మా సెమినార్‌లో ఒక క్లాస్‌మేట్ ఈ పద్యం యజమాని పాట అంది, డబ్బున్నవాడు పత్రిక పెట్టుకుంటే సైన్యం దొరుకుతుంది, మిత్రులు చేరతారు అని. నేను మూడో పాదం చూపించాను. మిగతా రెండు పాదాల మాటేమిటి అంది.

డెస్క్‌లో పనిచేసినవాణ్ణి:
ఆ అమ్మాయి అడిగింది మంచి ప్రశ్న, కొట్టిపారేయకు. "ఉన్న" అంటే ఉంటే అనే, కానీ ఎవరికి ఉంటే అన్నది పద్యంలో చెప్పలేదు. మూడో పాదంలో "ప్రజకు" అని వచ్చేదాకా ఆ ఖాళీ అలాగే ఉంటుంది. నేను చదివేది ఎలాగంటే ఆ "ప్రజకు" వెనక్కి వెళ్ళి పై రెండు పాదాలకీ పట్టుకుంటుంది. ఇక చరిత్ర వైపు నుంచి చూడు. కాశీనాథుని నాగేశ్వరరావు అమృతాంజనం డబ్బుతో 1908లో ఆంధ్రపత్రిక వారపత్రిక పెట్టారు, యజమానీ సంపాదకుడూ ఒక్కరే. నార్ల ఆంధ్రప్రభలోనూ ఆ తర్వాత ఆంధ్రజ్యోతిలోనూ సంపాదకుడు. ఇద్దరూ రాసిన సంపాదకీయాల్లో సైన్యం ఎవరి ఆజ్ఞకి కదిలిందో పక్కపక్కన పెట్టి చూడు, అదే ఒక చాప్టర్. మీకు సామాజిక బాధ్యతా సిద్ధాంతం చెప్పే ఉంటారు, పత్రికా స్వేచ్ఛ మీద అమెరికాలో వేసిన హచిన్స్ కమిషన్ 1947లో చెప్పిందీ అదే, పత్రికా స్వేచ్ఛ అచ్చువేసేవాడి హక్కుతో ఆగిపోదు, తెలుసుకోవాల్సిన జనం అవసరం కూడా అందులో ఉంది అని. దాన్నీ ఈ మూడో పాదాన్నీ కలిపి రాస్తే వైవాలో నిలబడతావు.

సూరిపక్షం:
"ప్రజకు" ఏకవచనం అన్నది కూడా గమనించండి. ప్రజలకు అనలేదు.

గణవిభజన:
ప్రజలకు అంటే నాలుగు లఘువులు, సూర్యగణం కాదు. అందుకే అనలేదు.

సూరిపక్షం:
గణం కోసమే అన్నాడని ఎందుకనుకోవాలి? ప్రజ అంటే సంస్కృతంలో సంతానం కూడా. కన్నబిడ్డకి రక్ష లేదన్నట్టు ఉంది ఆ పాదం. "రక్ష" అన్న మాటని దీని పక్కనే పెట్టుకుని చదవండి, బిడ్డకి రక్ష కడతాం కదా.

పద్యప్రియ:
అబ్బ, ఇది బాగుంది సూరిపక్షంగారూ! కానీ అలా చదివితే ప్రజకు రక్ష కట్టే తల్లి ఎవరు, పత్రికా? అయితే మొదటి పాదంలో తల్లి సైన్యం ఎలా అయింది? మీరు దీనికి విడిగా ఒక చర్చ మొదలుపెట్టండి, నేను వేమనలో ప్రజ అన్న మాట ఎక్కడెక్కడ వస్తుందో వెతికి తెస్తా.