విక్టిమైజేషన్‌ని తెలుగులో ‘వేధింపు’ అనొచ్చా?

పాత ఫిట్టర్:
మా యూనియన్ కరపత్రంలో ఓ కుర్రాడు విక్టిమైజేషన్‌ని ‘వేధింపులు’ అని రాశాడు. కొట్టేయించాను. సూపర్‌వైజర్ రోజూ తిడితే అది వేధింపు. ఇది వేరు. నా సంగతే చెబుతా. గేట్ మీటింగ్‌లో బోనస్ లెక్క అడిగాను. పది రోజులకి ఛార్జ్ మెమో, అంటే తప్పు మోపి సంజాయిషీ అడిగే కాగితం, చేతికొచ్చింది, ఆరు నిమిషాలు లేటుగా పంచ్ చేశానని. ఆ పూట నా వెనకాల వచ్చినవాళ్లు నలుగురున్నారు. మెమో నా ఒక్కడికే. దీన్ని కక్ష సాధింపు అనాలి. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ఐదో షెడ్యూల్‌లో, ఇలా కక్షకట్టి ఉద్యోగం తీసేయడాన్ని అనుచిత కార్మిక విధానాల్లో చేర్చారు.

అనువాదకురాలు:
ఫిట్టర్ గారూ, ఆ మెమో సంగతి చదివి నాకే కోపం వచ్చింది. మాట విషయంలో మాత్రం ఒప్పుకోలేను. నేరశాస్త్రంలో నేరానికి గురికావడాన్ని కూడా విక్టిమైజేషన్ అనే అంటారు. మెడలో గొలుసు తెంపుకుపోయిన దొంగకి నా మీద కక్షేముంటుంది? 1975లో భారత్ ఐరన్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటని వివరిస్తూ, అసలు తప్పేమీ లేకుండా బలిపశువులా శిక్షపడటం అంది. లాటిన్‌లో విక్టిమా అంటే బలిచ్చే జంతువే. ‘నన్ను బలి చేశారండీ’ అని మనవాళ్లు అంటూనే ఉంటారు కదా.

పాత ఫిట్టర్:
అదే తీర్పులో ఇంకోటి కూడా ఉందమ్మా. ఇది యాజమాన్యం మీద తీవ్రమైన ఆరోపణ, వివరాలన్నీ పెట్టి ఆరోపించినవాడే రుజువు చేసుకోవాలని. ఉత్త ‘బలి’ అంటే ఎందుకు చేశారన్నది ఎగిరిపోతుంది. ట్రిబ్యునల్‌లో నన్ను అడిగిందే ఆ ‘ఎందుకు’.

లండన్ నుంచి:
ఇక్కడ 2010 ఈక్వాలిటీ చట్టంలో హరాస్‌మెంట్ 26వ సెక్షన్, విక్టిమైజేషన్ 27వది. కాబట్టి ‘వేధింపు’ కుదరదు. వివక్ష మీద ఫిర్యాదు చేసినందుకో, చేసినవాళ్ల తరఫున సాక్ష్యం చెప్పినందుకో నష్టం చేస్తే విక్టిమైజేషన్. మేనేజర్ మనసులో పగ ఉండాలనేం లేదు. ఫిర్యాదు చేసినందుకే ఆ నష్టం జరిగిందా అన్నదే ప్రశ్న. అందుకే ‘కక్ష’ మాట నాకూ కొంచెం ఇబ్బందే.

అనువాదకురాలు:
అయితే కారణాన్ని కూడా పక్కనే రాయండి. ‘బోనస్ అడిగినందుకు బలి చేశారు’. నేరశాస్త్ర పాఠంలో ‘నేరానికి గురికావడం’ చాలు. రెండుచోట్లా ఒకే మాట ఎందుకు?

పాత ఫిట్టర్:
‘అడిగినందుకు’ బాగుందమ్మా. కరపత్రంలో అదే పెడతాం. లేబర్ ఆఫీసుకిచ్చే అర్జీలో మాత్రం కక్ష సాధింపు అనే రాయిస్తాను.