ఆరేళ్ల పాపకి మొదటి పోకెమాన్ గేమ్ ఏది కొనాలి?

కూకట్‌పల్లి నాన్న:

అందరికీ నమస్తే. మా పాపకి ఆరేళ్లు, ఫస్ట్ క్లాస్. పోకెమాన్ కార్టూన్ అంటే ప్రాణం. ఇంట్లో నింటెండో స్విచ్ ఉంది, ఇప్పటిదాకా దానిమీద మారియో కార్ట్ తప్ప ఇంకోటి ఆడలేదు. ఇప్పుడు పోకెమాన్ గేమే కావాలంటోంది. చూస్తే ఈ సిరీస్ 1996 నుంచి వస్తూనే ఉంది, స్విచ్‌కే ఎన్నో ఉన్నాయి, చాలావరకు ఒక్కోటి రెండేసి పేర్లతో. మా అక్క కొడుకు కళ్లు మూసుకుని స్కార్లెట్ కొనమంటున్నాడు, కానీ వాడికి పదమూడేళ్లు.

పాప ఇంగ్లిష్ చిన్న చిన్న మాటలు కూడబలుక్కుని చదువుతుంది, మూడు లైన్లు దాటితే వదిలేస్తుంది. పక్కనే నాలుగేళ్ల తమ్ముడు, వాడి చేతికీ ఒక కంట్రోలర్ ఇవ్వకపోతే ఊరుకోడు. ఎక్కువగా టీవీ మీదే ఆడతారు. ఏది మొదట తీసుకోవాలి? హైదరాబాద్‌లో కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

సైనిక్‌పురి పికా:

వయసు సంగతి తర్వాత, ముందు చదవడం సంగతి చూడండి. మారియో కార్ట్‌కి అక్షరం ముక్క రాకపోయినా ఫరవాలేదు. పోకెమాన్ ప్రధాన గేముల్లో మాత్రం పాత్రలకి గొంతు ఉండదు, ఎవరు ఏం చెప్పినా తెర కింద పెట్టెలో అక్షరాలే. ఎక్కడికి వెళ్లాలో, ఎవరిని కలవాలో అందులోనే ఉంటుంది. తెలుగు, హిందీ లేవు. కాబట్టి ఏ గేమ్ కొన్నా మొదటి కొన్ని వారాలు పక్కన కూర్చుని చదివి పెట్టేవాళ్లు ఒకరు కావాలి. చదవకపోయినా సాగే భాగం ఏ గేమ్‌లో ఎక్కువ ఉందన్నదే అసలు లెక్క.

ఆ లెక్కన మీకు లెట్స్ గో పికాచు గానీ, లెట్స్ గో ఈవీ గానీ సరిపోతుంది. 2018 నవంబర్‌లో వచ్చాయి. జపాన్‌లో 1998లో వచ్చిన ఎల్లో వెర్షన్‌నే స్విచ్ కోసం మళ్లీ చేశారు. మొదటి తరం 151 పోకెమాన్లు, వాటికి మెల్టాన్, మెల్‌మెటల్ కలిపి మొత్తం 153. పిల్లలు గుర్తుపట్టే మొహాలు ఇందులోనే ఎక్కువ.

అడవి పోకెమాన్లు గడ్డిలో తిరుగుతూ కళ్లముందే కనిపిస్తాయి. వాటిని తాకితే దాదాపు ఎప్పుడూ యుద్ధం ఉండదు, నేరుగా వాటిని పట్టుకునే బాల్ విసరడమే. పోకెమాన్ చుట్టూ ఒక రింగు పెద్దదవుతూ చిన్నదవుతూ ఉంటుంది. అది ఆకుపచ్చగా ఉంటే తేలిగ్గా దొరుకుతుంది, పసుపు, నారింజ దాటి ఎరుపైతే కష్టం. ఎరుపు కనిపిస్తే ముందు రాజ్ బెర్రీ అనే పండు తినిపించి, తర్వాత విసరమనండి. ఇదంతా రంగుతో, చేతితో జరిగే పని, అక్షరంతో పనిలేదు. అసలు యుద్ధాలు ఎక్కువగా ట్రైనర్లతో (పోకెమాన్లని పెంచి పోరాడించేవాళ్లు), జిమ్‌లలో (నాయకుడిని ఓడించి బ్యాడ్జీ గెలుచుకునే చోట్లు) ఉంటాయి.

తమ్ముడి సమస్య కూడా ఇక్కడే తీరుతుంది. స్విచ్‌తో వచ్చే చిన్న కంట్రోలర్లు, అంటే జాయ్‌కాన్‌లు, ఒక్క జత చాలు, ఇద్దరికీ చెరొకటి. పాప ఆడుతుండగా రెండో జాయ్‌కాన్ ఊపితే రెండో బొమ్మ తెర మీదకి వస్తుంది. వాడు ఎవరితోనూ మాట్లాడలేడు, వస్తువులు ఏరలేడు, కథని ముందుకు తోయలేడు. పక్కన నడుస్తాడు, బాల్ విసురుతాడు, యుద్ధంలో రెండో పోకెమాన్‌ని నడుపుతాడు. ఎటైనా తప్పిపోయి తెర దాటితే తిరిగి అక్క దగ్గరికే వచ్చేస్తాడు. నాలుగేళ్ల పిల్లాడు ఏం నొక్కినా అక్క ఆట పెద్దగా చెడదు.

మణికొండ మేడమ్:

లెట్స్ గో మంచిదే, కానీ టీవీ మీద ఆడతామన్నారు కదా, అక్కడ ఒక చిక్కుంది. టీవీకి పెట్టినప్పుడు బాల్‌ని జాయ్‌కాన్‌తో నిజంగా విసిరినట్టు చెయ్యి ఊపాలి, బటన్‌తో విసరడం కుదరదు. ప్రో కంట్రోలర్ ఈ గేమ్‌కి అసలు పనిచేయదు. చిన్నపిల్లలు భుజం దగ్గర్నుంచి చెయ్యి మొత్తం తిప్పుతారు, ఆ ఊపులో మణికట్టు పక్కకి తిరిగి బాల్ ఎటో పోతుంది. నాలుగు బాళ్లు వృథా అయ్యేసరికి ఏడుపు మొదలు. మోచెయ్యి పక్కకి ఆనించి, మణికట్టుని మాత్రం ముందుకి విదిలించమని చెప్పండి. పోకెమాన్ ఎడమకి జరిగితే ఎడమ వైపే విసరాలి, నిటారుగా విసిరితే తగలదు. అప్పటికీ కుదరకపోతే టీవీ నుంచి తీసి చేతిలో పట్టుకుని ఆడనివ్వండి. అప్పుడు స్విచ్‌ని కదిపి గానీ, స్టిక్‌తో గానీ గురిపెట్టి ‘A’ బటన్ నొక్కితే చాలు. టీవీ మీద ఆడేటప్పుడు మాత్రం మణికట్టు పట్టీ తప్పకుండా తగిలించండి, జాయ్‌కాన్ చేయి జారితే టీవీ పగులుతుంది.

ఇంకో దారీ ఉంది, ఎవరూ చెప్పరు: న్యూ పోకెమాన్ స్నాప్, 2021 ఏప్రిల్‌లో వచ్చింది. ఇందులో యుద్ధాల్లేవు, పట్టుకోవడం లేదు. బండి దానంతటదే కదులుతుంటే పోకెమాన్లకి ఫొటోలు తీయడమే పని. ప్రొఫెసర్ మిర్రర్ వాటికి ఒకటి నుంచి నాలుగు స్టార్లు ఇస్తాడు. మాటలు ఉన్నాయి, కానీ చదవకుండా దాటేసినా ఆట ఆగదు. మీ బాబు వయసు పిల్లలకి నా ఓటు దీనికే. పాపకి మాత్రం పోకెమాన్‌ని తనే పెంచి పోరాడించాలని ఉంటే ఇది చాలదు, లెట్స్ గోనే తీసుకోండి.

స్కార్లెట్ గురించి మీ మేనల్లుడికి ఇలా చెప్పండి: 2022లో వచ్చిన ఆ గేమ్ పూర్తిగా ఓపెన్ వరల్డ్. పిల్లలు ఏ దిక్కుకైనా వెళ్లవచ్చు, కానీ శత్రువుల లెవెల్ మన లెవెల్‌కి తగ్గట్టు మారదు. మొదటి రోజే కొండ ఎక్కితే అక్కడున్నవి మన పోకెమాన్లన్నిటినీ పడగొట్టేస్తాయి. బ్యాడ్జీలు లేకుండా పెద్ద లెవెల్‌ది దొరికినా అది మాట వినదు. పెద్ద పిల్లలకి అదే సరదా. చదవలేని పాపకి మాత్రం ఎందుకు ఓడిపోతోందో అర్థమే కాదు. లెజెండ్స్ ఆర్సియస్ ఇంకా దూరం, అందులో పోకెమాన్లు మన మీదకే దూకుతాయి, మనమే దొర్లి తప్పించుకోవాలి. పేరాలు చదవడం వచ్చాక, ఎనిమిదేళ్లకో తొమ్మిదేళ్లకో, పోకెమాన్ స్వోర్డ్ గానీ పోకెమాన్ షీల్డ్ గానీ ఇవ్వండి. దారి చాలావరకు తిన్నగా ఉంటుంది.

పార్క్‌లేన్ పాతకాపు:

అన్నా, కొనే సంగతి నేను చెప్త. నింటెండోకి ఇండియా ఈ-షాప్ (ఆన్‌లైన్ దుకాణం) లేదు. డౌన్‌లోడ్ కొనాలంటే అకౌంట్ వేరే దేశానికి పెట్టుకుని ఆ దేశం కరెన్సీ కోడ్ కొనాలె. పిల్లల ఫస్ట్ గేమ్‌కి ఆ తలనొప్పి వద్దు, కార్ట్రిడ్జే తీస్కోండి. పిల్లకి నచ్చకుంటే మళ్ల అమ్ముకోవచ్చు, డౌన్‌లోడ్ చేసింది అమ్మలేం. నింటెండో సొంత గేముల రేట్లు ఏండ్లు గడిచినా పెద్దగ పడవు, కాబట్టి సెకండ్‌హ్యాండ్‌కి భయపడకండి. స్విచ్ గేములకి సేవ్ కార్ట్రిడ్జ్‌ల ఉండదు, మిషన్‌లనే ఉంటది. పాతోళ్ల ఆట మీకు రాదు, మీది కొత్తగనే మొదలైతది.

స్విచ్ కార్ట్రిడ్జ్‌లకి రీజియన్ లాక్ లేదు. అమెరికాది, దుబాయ్‌ది, జపాన్‌ది ఏదైనా నడుస్తది. డబ్బా మీద జపాన్ అక్షరాలున్నా ఈ పోకెమాన్ గేముల్ల ఇంగ్లిష్ ఉంటది. కానీ మొదటిసారి తెరిచేటప్పుడు పిల్ల చేతికియ్యకండి. భాష ఒక్కసారి ఎంచుకున్నాక ఆ సేవ్‌ల మళ్ల మారదు. మీరే ఇంగ్లిష్ పెట్టి, మాటలు వచ్చే స్పీడ్‌ని ఆప్షన్స్‌ల స్లో చేసి అప్పుడియ్యండి.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌ల సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) దిక్కు పోతే ముందు ఫోన్ చేసి ఉందా లేదా కనుక్కోండి, మీ స్విచ్ ఎంబడి తీస్కపోండి. షాపుల్నే పెట్టి టైటిల్ స్క్రీన్ దాకా నడిపించండి, తీసి ఇంకోసారి పెట్టండి. వెనుక బంగారం రంగు పట్టీల మీద గీతలు, తుప్పు ఉంటే వద్దనండి. అప్‌డేట్ అడిగితే ఫోన్ హాట్‌స్పాట్ ఇయ్యండి. ఇంటికి తెచ్చినంక చిన్నోడికి అందకుండ పెట్టండి. నోట్ల పెట్టుకోకుండ నింటెండో వాటికి డినాటోనియం బెంజోయేట్ అనే చేదు పూస్తది, అయినా మింగే సైజే కదా.

ఇంకోటి. రేపు స్విచ్ 2 కొందామనుకుంటే జపాన్‌ల మాత్రమే అమ్మే తక్కువ ధర మోడల్ తీస్కోకండి. దాంట్ల జపనీస్ తప్ప వేరే భాష రాదు, జపాన్ అకౌంట్ తప్ప పనిచేయదు. బయటికి చూస్తే రెండూ ఒక్కతీరుగనే ఉంటయి.

కూకట్‌పల్లి నాన్న:

చాలా థాంక్స్ అండి, లెట్స్ గోకే ఫిక్స్ అయ్యాను. ఇంకో రెండు అనుమానాలు. పికాచునా, ఈవీనా? మొదటి జిమ్ దగ్గరే పిల్లలు ఆగిపోతారని అంటున్నారు, ఎందుకని?

సైనిక్‌పురి పికా:

పాపకి ఏ బొమ్మ ఇష్టమైతే అది. కథ, ఊళ్లు ఒకటే, అడవిలో దొరికే కొన్ని పోకెమాన్లు మాత్రం వేరు. ఒక్క మాట ముందే చెప్పండి: మొదట ఇచ్చే పికాచు ఎప్పటికీ రైచుగా (దాని తర్వాతి రూపం) మారదు, ఆ ఈవీ కూడా మారదు. తెలియకపోతే పిల్లలు నెలలకొద్దీ ఎదురుచూస్తారు.

పికాచు తీసుకున్నవాళ్లే మొదటి జిమ్ దగ్గర ఎక్కువగా ఆగుతారు. అక్కడి నాయకుడు బ్రాక్ దగ్గర జియోడ్యూడ్, ఆనిక్స్ అనే పోకెమాన్లు ఉంటాయి. రెండూ రాక్ (రాయి), గ్రౌండ్ (నేల) రెండు రకాలకీ చెందినవి. గ్రౌండ్ రకానికి పికాచు కొట్టే కరెంటు దెబ్బ అస్సలు తగలదు, సగం కూడా కాదు, సున్నా. పిల్లలు కార్టూన్‌లో చూసిన పిడుగునే మళ్లీ మళ్లీ నొక్కుతారు, ఏమీ జరగదు. అందుకే జిమ్ గుమ్మం దగ్గర మనిషి గ్రాస్ (ఆకు) రకమో, వాటర్ (నీళ్లు) రకమో పోకెమాన్‌ని చూపించందే లోపలికి పోనివ్వడు. అతను చెప్పేది చదవలేని పాప అక్కడే చుట్టూ తిరుగుతుంది.

అక్కడిదాకా వెళ్లకముందే, రూట్ 1లోనో 2లోనో ఆడిష్ అనే గ్రాస్ పోకెమాన్‌ని పట్టుకోమనండి, ఈవీ వెర్షన్‌లో అయితే బెల్‌స్ప్రౌట్. రాక్, గ్రౌండ్ రెండూ గ్రాస్‌కి లొంగేవే కాబట్టి దెబ్బ నాలుగింతలు తగులుతుంది. ఆడిష్‌తో అబ్జార్బ్ అనే దెబ్బ నొక్కితే ఆనిక్స్ అంతవాడు ఒకటి రెండు దెబ్బల్లో కూలుతాడు. పాపకి ముందుగా నేర్పాల్సింది నీళ్లు నిప్పుని, నిప్పు ఆకుని, ఆకు నీళ్లని గెలుస్తాయని. అది వచ్చాక రాయి, కరెంటు. ఒకసారి పోరాడిన పోకెమాన్ మళ్లీ ఎదురైతే ఏ దెబ్బ బాగా పనిచేస్తుందో దాని పేరు కిందే రాసి ఉంటుంది. సూపర్ అనే మాట ఒక్కటి గుర్తుపట్టినా సగం యుద్ధాలు గెలుస్తుంది.

సేవ్ గురించి ఎవరూ చెప్పలేదు. లెట్స్ గోలో ఒక యూజర్‌కి ఒకటే సేవ్. తమ్ముడు రెండో జాయ్‌కాన్‌తో ఆడిందంతా అక్క సేవ్‌లోకే పోతుంది. వాడికి సొంత ఆట కావాలంటే సెట్టింగ్స్‌లో ఇంకో యూజర్‌ని పెట్టండి, అదే కార్ట్రిడ్జ్ ఇద్దరికీ పనిచేస్తుంది. ఆపేముందు ఎక్స్ నొక్కి మెనూలో సేవ్ చేయడం మొదటి రోజే అలవాటు చేయండి. సేవ్ చేయకుండా మారియో కార్ట్ తెరిస్తే అప్పటిదాకా ఆడిందంతా పోతుంది. ఫోన్‌లో పేరెంటల్ కంట్రోల్స్ యాప్‌తో గంట లిమిట్ పెడితే టైమ్ అయ్యే పది నిమిషాల ముందు సేవ్ చేయమని మీరే గుర్తుచేయండి. ఈ గేమ్‌కి క్లౌడ్ బ్యాకప్ లేదు. ఎప్పుడైనా మళ్లీ మొదటినుంచి ఆడదామని డిలీట్ సేవ్ డేటా దాకా వెళ్తే, నొక్కేముందు అది ఎవరి యూజర్ పేరు మీద ఉందో రెండుసార్లు చూడండి, పోయింది తిరిగి రాదు.